గోపిక పుట్టిన ఏడు

సాంసన్‌ది సూర్యాపేట. ఉద్యోగం మోతె మండలంలో ఒక చిన్న ఊరి హైస్కూల్లో, జూనియర్ అసిస్టెంట్‌గా. పిల్లల అడ్మిషన్లు, టీసీలు, బోనఫైడ్లు అన్నీ ఆయన బల్ల మీది నుంచే పోవాలి. పదకొండేళ్ళలో ఒక్క కాగితంలో తప్పు దొర్లిందని ఎవరితోనూ మాట పడలేదు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వం.

కూతురు స్వాతిని ఆరో తరగతిలో అదే బళ్ళో వేశాడు. "పేటల ఇన్ని ప్రైవేటు బళ్ళుండంగ పిల్లను ఆ ఊరికి తోలుకపోతవా?" అని భార్య కవిత మొదట్లో గొణిగింది. కానీ ఆ బడి వ్యాయామం సారు ఆడపిల్లలకు పట్టుబట్టి వాలీబాల్ నేర్పుతాడు. సాంసన్ కూడా ఒకప్పుడు క్రిస్మస్‌కు చర్చి ముందర జరిగే పోటీల్లో ఆడినవాడే. ఊళ్ళ పోటీలు దాటి ముందుకు పోలేదు. తనను పట్టించుకునేవాళ్ళు లేకనే అట్లా అయిందని ఆయన నమ్మకం. బిడ్డ విషయంలో అట్లా కాకూడదనుకున్నాడు.

స్వాతికి ఆ బళ్ళోనే గోపిక దొరికింది. ఇద్దరిదీ ఒకటే తరగతి, ఆటలో ఒకటే స్థానం. ఇద్దరూ సెట్టర్లే. అంటే వచ్చిన బంతిని వల పక్కన ఎత్తి, కొట్టేవాళ్ళ చేతికి అందించేవాళ్ళు. గోపిక తల్లి లింగమ్మ కూలికి పోతుంది. తండ్రి వరికోత మిషన్ల వెంట జిల్లాలు తిరుగుతాడు. గోపికకు స్వాతిలాగా బూట్లు లేవు, ఒడ్డూ పొడుగూ లేదు. కానీ బంతి ఆ పిల్ల వేళ్ళ మీదికి వచ్చిందంటే చప్పుడు కూడా కాదు. సాంసన్ ఎన్నోసార్లు ఆఫీసు గది కిటికీలోంచి అది చూశాడు. ప్రతిసారీ ముందు ముచ్చటపడేవాడు, తర్వాత మనసు చిన్నబుచ్చుకునేవాడు.

ఆ ఎండాకాలం మిర్యాలగూడలో రైస్ మిల్లులవాళ్ళు కొందరు కలిసి పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లలకు ఒక వాలీబాల్ క్లబ్ పెట్టారు. ఎంపికైన పన్నెండు మందికి ప్రతి ఆదివారం శిక్షణ, బూట్లు, తిండి, పోటీలకు తీసుకుపోయే ఖర్చు అన్నీ క్లబ్బే చూసుకుంటుంది. కోచ్ పేరు సుమలత. కోదాడ మనిషి, ఒకప్పుడు రాష్ట్రం జట్టుకు ఆడింది. మొదటి విడత సెలక్షన్లు సూర్యాపేటలో జరిగాయి. నూట ఇరవై మంది పిల్లలొస్తే, అంతకు రెట్టింపు మంది తల్లిదండ్రులు గ్రౌండు చుట్టూ నిలబడి అరిచారు. సాంసన్ అందరికంటే గట్టిగా అరిచాడు.

స్వాతీ గోపికా ఇద్దరూ రెండో విడతకు నిలిచారు. అది పదిహేను రోజుల తర్వాత ఆదివారం, కోదాడలో. ఆ పదిహేను రోజులూ సాంసన్ నిలకడగా లేడు. పొద్దునే ఐదింటికి లేపి బిడ్డను పరుగెత్తించాడు. ఉడకబెట్టిన గుడ్లు తినలేక స్వాతి ఏడిస్తే దగ్గర కూర్చొని తినిపించాడు. మోకాళ్ళకు తొడిగే పట్టీల జత కొన్నాడు. మిర్యాలగూడలో మిల్లు నడిపే విష్ణువర్ధన్ అనే తెలిసిన ఆయనకు ఫోన్ చేసి, "మేడంకు ఒక్క మాట చెప్పండి" అని బతిమాలాడు. మర్నాడు సుమలత దగ్గర్నుంచే ఫోనొచ్చింది.

"సాంసన్ గారూ, సిఫార్సులు చేయించకండి. మీ అమ్మాయికే చెడ్డపేరు. ఆడితే తీసుకుంటాను" అంది. ఆయన క్షమాపణ చెప్పుకున్నాక కొంచెం మెత్తబడి, "ఉన్న మాట చెబుతాను. మాకు ఇద్దరు సెట్టర్లు చాలు. ఒకమ్మాయి ఇప్పటికే ఉంది. ఇంకొక్కటే చోటు. స్వాతి బాగానే ఆడుతుంది. కానీ మీ బడి నుంచే వచ్చిన ఆ గోపిక చేతులు వేరండీ" అంది.

ఆ మాట ఆయనకు కొత్త కాదు. అయినా ఇంకొకరి నోట వినేసరికి రెండు రోజులు అన్నం సహించలేదు.

కోదాడకు వచ్చేటప్పుడు బడి నుంచి పుట్టిన తేదీ రాసిన బోనఫైడ్, ఆధార్ తేవాలన్నారు. రెండువేల పన్నెండు జనవరి ఒకటి తర్వాత పుట్టినవాళ్ళకే అర్హత. శనివారం పొద్దున లింగమ్మ బడికి వచ్చి ఆధార్ జిరాక్స్ ఆయన బల్ల మీద పెట్టింది.

"సారూ, మా గోపికకు గా కాగితం రాసియ్యున్రి. రేపు కోదాడ పోవాలె గద. మీ పిల్లతోటే పోతదంటాంది."

"గీడ పెట్టిపో లింగమ్మా. పగటాల్లకు పిల్లకిస్త" అన్నాడు సాంసన్.

స్వాతిది ముందే రాసి పెట్టుకున్నాడు. గోపికది రాయడానికి అడ్మిషన్ రిజిస్టర్ తీశాడు. ఆధార్‌లో పుట్టిన తేదీ తొమ్మిది ఫిబ్రవరి రెండువేల పన్నెండు అని ఉంది. రిజిస్టర్లో రెండువేల పదకొండు అని ఉంది. బీరువాలోంచి పాత కట్ట దింపి, గోపిక ప్రాథమిక పాఠశాల నుంచి తెచ్చిన రికార్డ్ షీట్ వెతికాడు. అందులో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రెండువేల పన్నెండు అనే ఉంది. రిజిస్టర్లోకి ఎక్కించినప్పుడే ఏడు తప్పు పడింది. ఎక్కించింది తనే. ఆ రాత తనదే. మూడేళ్ళ కింద, ఒక్క రోజున అరవై మందిని చేర్చుకున్న జూన్ నెలలో చెయ్యి తప్పి ఉంటుంది.

ఇది నకలు రాసేటప్పుడు దొర్లిన పొరపాటు. రికార్డ్ షీట్ చూపిస్తే హెడ్మాస్టరు అక్కడికక్కడే దిద్ది సంతకం చేస్తాడు. ఆయన పక్క గదిలోనే ఉన్నాడు. నాలుగడుగులు.

సాంసన్ లేచాడు కూడా. కిటికీలోంచి పిల్లల కేకలు వినిపించాయి. స్వాతి బంతి ఎత్తింది, అది పోయి వలకు తగిలింది. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. పుట్టిన తేదీ దిద్దడమంటే చిన్న విషయం కాదనీ, పై ఆఫీసుకు రాయాలనీ, ఒక్క రోజులో అయ్యేది కాదనీ తనకు తానే చెప్పుకున్నాడు. కొన్ని దిద్దుబాట్ల విషయంలో అది నిజమే. అందుకే నమ్మడం తేలికైంది. రికార్డ్ షీట్ కట్టలో పెట్టి, కట్టను బీరువాలో పెట్టి, రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు బోనఫైడ్ రాశాడు. హెడ్మాస్టరు చదవకుండానే సంతకం పెట్టాడు. సాంసన్ రాసిన కాగితం ఆయన ఏనాడూ చదివి చూసింది లేదు.

కవరు అంటించి గోపిక చేతికిచ్చాడు. "థాంక్యూ సార్" అని ఆ పిల్ల పరుగెత్తింది.

ఆదివారం తెల్లారి సూర్యాపేట బస్టాండులో నలుగురూ కోదాడ బస్సెక్కారు. లింగమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. దారంతా, "మా సారు లేకుంటే మాకీ తొవ్వ ఎట్ల తెలుస్తది" అని పక్క సీటామెతో చెప్పింది. సాంసన్ కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. అమ్మాయిలిద్దరూ పట్టీల జతను పంచుకున్నారు. స్వాతి కుడి మోకాలికి ఒకటి, గోపిక ఎడమ మోకాలికి ఒకటి.

కోదాడలో ఆట ముందు పెట్టారు, కాగితాలు తర్వాత చూస్తామన్నారు. గోపిక ఆడుతుంటే మిగతా పిల్లల తల్లిదండ్రులు కూడా అరవడం మాని చూశారు. ఎక్కడ నుంచి వంకరగా వచ్చిన బంతినైనా ఆ పిల్ల సరిగ్గా కొట్టేవాళ్ళ చేతికి పంపింది. స్వాతి కూడా ఆ రోజు ముందెన్నడూ లేనంత బాగా ఆడింది. అయినా ఎవరికి చోటు దొరుకుతుందో గ్రౌండులో ఉన్న అందరికీ తెలుసు.

మధ్యాహ్నం షామియానా కింద సుమలత ఒక్కొక్కరి కాగితాలు చూస్తూ గోపిక దగ్గర ఆగింది.

"ఇదేంటమ్మా? ఆధార్‌లో పన్నెండు, స్కూలు కాగితంలో పదకొండు. ఆధార్ మార్పించారా?"

లింగమ్మకు ముందు అర్థం కాలేదు. "మార్పిచ్చుడేంది మేడం? నా బిడ్డకు మొన్న మాఘంలనే పదమూడు నిండినయి."

"సెలక్షన్ల కోసం ఇట్లాంటివి చాలామంది చేస్తున్నారు. మాకు స్కూలు కాగితమే లెక్క."

వెనక నుంచి ఎవరో మగమనిషి, "గిట్ల వయసు తగ్గించుకొనొస్తే మన పిల్లలేం గావాలె?" అన్నాడు. ఇంకెవరో నవ్వారు. లింగమ్మ చుట్టూ చూసింది. ఆమె చూపు సాంసన్ మీద ఆగింది. ముఖం తేటపడింది.

"మా సారున్నడు గద! సారూ, జర జెప్పు."

సుమలత కూడా ఆయనవైపు తిరిగింది. "మీ స్కూలే కదా సాంసన్ గారూ. ఈ తేదీ ఖాయమేనా?"

"రిజిస్టర్ల ఉన్నదే రాసిన మేడం" అన్నాడు.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. సుమలత గోపిక పేరు మీద గీత గీసింది. ఆ పిల్ల ఏడవలేదు. వంగి, మోకాలి పట్టీ విప్పి, దులిపి స్వాతి చేతిలో పెట్టింది. "నువ్వు మంచిగాడు" అంది. సాయంత్రం పన్నెండు పేర్లు చదివారు. పదకొండో పేరు స్వాతి.

ఆ రాత్రి స్వాతి మంచం మీద కూర్చొని, "డాడీ, గోపి నాకన్నా ఇరవై రోజులు చిన్నది. మేమిద్దరం ఎప్పుడూ లెక్కేసుకుంటం. బళ్ళె కాగితం తప్పు ఎట్లుంటది?" అని అడిగింది.

"ఏమో బిడ్డా. సూడాలె" అన్నాడు.

బిడ్డ పడుకున్నాక కవితకు సంగతంతా చెప్పాడు. ఆమె, "నువ్వేం దొంగరాత రాయలేదు గద. ఉన్నదే రాసినవ్. దేవుడు మన పిల్లకు తొవ్వ జూపిండనుకో" అంది. ఆ మాటతో తేలికపడతాడనుకున్నాడు. అదే మాట తాను శనివారం నుంచీ చెప్పుకుంటున్నాడు. ఇంకొకరి నోట వింటే ఎంత చవకగా ఉందో తెలిసింది. మరుసటి ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన దగ్గర ఆయన పెదవులు మాత్రమే కదిలాయి.

గోపిక గ్రౌండుకు రావడం మానేసింది. తరగతికి వచ్చేది, గంట కొట్టగానే ఇంటికి పోయేది. వ్యాయామం సారు పిలిచినా రాలేదు. స్వాతి ఆదివారాలు మిర్యాలగూడ పోయొస్తోంది కానీ అక్కడి ముచ్చట్లేవీ ఇంట్లో చెప్పడం లేదు. కిటికీ అవతల ఒక్కతే గోడకు బంతి కొట్టుకుంటున్న బిడ్డను చూడలేక సాంసన్ బల్లను ఇటు తిప్పి వేయించుకున్నాడు.

మూడు వారాలయ్యాక, నాట్లు జోరుగా సాగుతున్న రోజుల్లో, లింగమ్మ వచ్చింది. కాళ్ళకు బురద ఉందని గడప బయటే నిలబడింది.

"సారూ, నేనొకటి అడగొస్తిని. కోపం చేయకు."

"లోపలికి రా లింగమ్మా."

"వద్దు, గీన్నే ఉంట. గా తేదీ తప్పు నాదే అయ్యుంటది సారూ. పిల్లను బళ్ళె ఏసిననాడు పంతులు అడిగితే ఏ ఏడు జెప్పిన్నో ఏమో. సదువు రాకపాయె. మా ఆయన ఫోన్ల తిట్టిండు, నీ మొద్దుతనానికి పిల్ల ఆగమైందని. పిల్ల గూడ నాతోటి మాట్లాడుతలేదు. ఇగ ముందలనన్న గిట్ల గాకుంట, తప్పు దిద్దించుకోవాలంటే ఏం జెయ్యాలె? నువ్వే జర జెప్పాలె."

సాంసన్ నోరు తెరిచాడు. "సూస్త. నువ్వు పో" అన్నాడు.

"నీ కడుపు సల్లగుండ" అని ఆమె వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. తాను చేసిన తప్పును ఆ మనిషి తన నెత్తిన వేసుకొని, మొగుడితో తిట్లు తిని, బిడ్డకు దూరమై, దిద్దే దారి చెప్పమని తన దగ్గరికే వచ్చింది. పైగా దీవించి పోయింది. లేచి బీరువా తీశాడు. రికార్డ్ షీట్ పట్టుకొని హెడ్మాస్టరు గదికి కాదు, నేరుగా పొలాలవైపు నడిచాడు.

పది మంది ఆడవాళ్ళు వరుసగా వంగి నాటు వేస్తున్నారు. లింగమ్మను పిలిచాడు. ఆమె చేతిలో నారు కట్టతోనే ఒడ్డుకు వచ్చింది.

"తప్పు నీది కాదు. నాది. నీ బిడ్డ తేదీ సరిగ్గనే రాయించినవ్. ఇగో, ఇండ్ల పన్నెండే ఉన్నది. రిజిస్టర్ల ఎక్కిచ్చేటప్పుడు నేనే తప్పు రాసిన."

ఆమె కాగితం వంక చూసింది. చదవడం రాదు కాబట్టి మళ్ళీ ఆయన ముఖం వంకే చూసింది. "పనిల తప్పు పడుతది సారూ. ఎవరికైన పడుతది."

అక్కడితో ఆగిపోవచ్చు. ఆమె అప్పుడే క్షమించేసింది.

"అది గాదు లింగమ్మా. కోదాడకు పొయ్యే ముందురోజే సూసిన. నువ్విచ్చిన ఆధార్ సూసి, ఈ కాగితం తీసి సూసిన. తెలిసే చెప్పలే. మా పిల్లకు చోటు రాదని."

నాటు వేసే ఆడవాళ్ళలో ఇద్దరు నడుము ఎత్తి ఇటు చూశారు. లింగమ్మ చేతిలోని నారు నుంచి నీళ్ళు కారి ఆమె పాదాల మీద పడుతున్నాయి.

"గాడ నన్ను దొంగను జేస్తాంటె నీ ముంగటనే గద" అంది చివరికి. గొంతు పెంచలేదు. "నీ దిక్కే సూసిన. మా సారున్నడన్న. నీకు నోరెట్ల రాలే సారూ?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. మడిలోకి దిగి, తన వరుస ఎక్కడ ఆగిందో చూసుకొని వంగింది.

అదే సాయంత్రం హెడ్మాస్టరుకు అంతా రాసిచ్చాడు. ఆయన రెండుసార్లు చదివాడు. రిజిస్టర్ దిద్ది, కొత్త బోనఫైడ్ మీద సంతకం పెట్టాడు. "పై ఆఫీసుకు పంపక తప్పది సాంసన్. మెమో వస్తది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ప్రతి కాగితం చదివే సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. సాంసన్ ఆయన బల్ల ముందు నిలబడి, చదవడం పూర్తయ్యేదాకా చూసేవాడు.

ఆదివారం స్వాతితోపాటు తానూ మిర్యాలగూడ పోయాడు. క్లబ్ గ్రౌండు ఒక మిల్లు వెనక ఉంది. గాలిలో ఊక వాసన. ప్రాక్టీసు మొదలుకాకముందే సుమలతకు రెండు కాగితాలూ చూపించాడు. ఆమె చూసి తల పట్టుకుంది.

"అయ్యో, ఆ తల్లిని అంతమందిలో అంత మాట అన్నానే! జాబితా పై సంఘానికి వెళ్ళిపోయిందండీ. ఈ ఏడాది పోటీలకు పేర్లు మార్చడానికి లేదు. వచ్చే ఏడాదికి ఆ పిల్లకు పద్నాలుగు దాటుతుంది." ఆమె ఆగి, అనుమానంగా చూసింది. "ఈ రికార్డ్ షీట్ మీకు ఎప్పుడు దొరికింది? కోదాడకు ముందా, తర్వాతా?"

స్వాతి మూడడుగుల దూరంలో బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. ఆమె చేతులు ఆగాయి.

"ముందే మేడం. ముందురోజే" అన్నాడు సాంసన్.

స్వాతి లేచి నిలబడింది. "నేనాడను. నా పేరు తీసెయ్యున్రి మేడం" అంది. కళ్ళలో నీళ్ళు లేవు.

"నీ పేరు తీసినా గోపిక పేరు ఎక్కదమ్మా. మీ నాన్న చేసిన దానికి నువ్వు చేతులు కట్టుకుని కూర్చుంటే ఎవరికి లాభం? పో, గ్రౌండులోకి పో." సుమలత సాంసన్‌వైపు చూడకుండానే చెప్పింది. "గోపికను రమ్మని చెప్పండి. జట్టులో పేరుండదు, శిక్షణ మాత్రం ఇస్తాను. రెండేళ్ళు గట్టిగా నేర్చుకుంటే పై వయసు జట్టులో చోటుంటుంది. కాదు, మీరు చెప్పకండి. నేనే వాళ్ళమ్మతో మాట్లాడతాను. నేను కూడా క్షమాపణ చెప్పుకోవాలి."

తిరుగు బస్సు ఊరు దాటాక స్వాతి కిటికీ వంకే చూస్తూ అడిగింది.

"నాకు రాదనే అనుకున్నవా డాడీ?"

"ఏంది బిడ్డా?"

"సెలక్షన్. నా ఆటతోటి నాకు రాదనుకున్నవ్ గద. అందుకే."

కాదని చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆయన వెతికాడు. బిడ్డ మీద ప్రేమతో చేశాననుకున్నదంతా, ఆ పిల్ల అడిగిన ఒక్క ప్రశ్నతో ఇంకో రూపంలో కనబడింది. లింగమ్మ ముందూ కోచ్ ముందూ తప్పు ఒప్పుకోగలిగినవాడు, బిడ్డ ముందు అవునని కానీ కాదని కానీ అనలేకపోయాడు.

గోపిక మిర్యాలగూడ రావడం మొదలుపెట్టింది. తన బిడ్డతోపాటు తీసుకుపోతానని సాంసన్ కబురు పెడితే, "మా పిల్లను మేమే తోలుకపోతం" అని లింగమ్మ తిరుగు కబురు పంపింది. నాట్ల కాలంలో ఆదివారం పని పోగొట్టుకొని ఆమే వచ్చేది. మిల్లు గోడ నీడలో ఒక చివర ఆమె, ఇంకో చివర ఆయన. పలకరింపు లేదు. మొదటి రెండు వారాలు అమ్మాయిలిద్దరూ కూడా ఎడంగానే ఉన్నారు. మూడో వారం సుమలత ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, బంతి కింద పడకుండా నూరు లెక్కపెట్టమంది. నలభై దగ్గర బంతి పడింది. ఇద్దరూ ఒకేసారి "నీదే తప్పు" అన్నారు. ఎవరు ముందు నవ్వారో తెలియదు. ఆ తర్వాత తిరుగు ప్రయాణంలో స్వాతి గోపిక పక్కన కూర్చుంది. సాంసన్ వెనక సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. అట్లా కూర్చోవడం తనకు న్యాయమే అనిపించింది.

ఆగస్టులో పిల్లలందరికీ క్లబ్ గుర్తింపు కార్డుల ఫారాలు ఇచ్చారు. పెద్దవాళ్ళే నింపివ్వాలి. లింగమ్మ ఫారం పట్టుకొని అటూ ఇటూ చూసింది. సుమలత గ్రౌండు మధ్యలో పిల్లలతో ఉంది, ఆ పూట గోడ నీడలో రాయడం వచ్చిన పెద్దమనిషి సాంసన్ ఒక్కడే. చివరికి ఆమె నడిచి వచ్చి, ఫారం ఆయన ముందు పెట్టింది.

"రాయి" అంది. సారూ అనలేదు.

ఆయన పేరు రాశాడు, ఊరు రాశాడు. పుట్టిన తేదీ దగ్గరికి రాగానే పెన్ను ఆగింది. ఆమె ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. తొమ్మిది. ఫిబ్రవరి. రెండువేల పన్నెండు. ఆయన అంకెల్లో రాసి, అక్షరాల్లో కూడా రాశాడు. ఆమె ఫారం అందుకొని మడవలేదు. ఆయన చూస్తుండగానే గ్రౌండు మధ్యకు నడిచి సుమలత చేతికిచ్చింది.

"ఏం రాసిండో జర సదువు మేడం" అంది. "పైకి సదువు. నేనింటా."